ముగ్గులో మా ఊరు

నా చిన్నప్పుడు ఒక ఉదయం మా ఊరిని మొత్తంగా ఒక్క చూపులో చూశాను. మాది కోవూరు దాటి సముద్రం వైపు వెళ్తే వరిపొలాల మధ్య వచ్చే చిన్న ఊరు. ఊళ్లోని బావులన్నిటిలో మా పెరటి బావి నీళ్లే తియ్యన. మా జేజి, అంటే మా నాయన తల్లి, అడిగిన వాళ్లందరినీ తోడుకోనిచ్చేది. లేవలేని వాళ్ల ఇళ్లకు తనే బిందె మోసుకెళ్లేది. ఆ మంచితనమే ఆమె గర్వం.

ఆ ఏడు తుఫాను వెలిసాక ఊళ్లో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పక్కింటి అక్కకు అప్పుడప్పుడే నడక నేర్చిన కొడుకు ఉండేవాడు. వాడు పోయాడు.

నీళ్లు కాచుకోమని మైకులో చెప్పి వెళ్లిన వాళ్ల మాట ఎవరూ చెవిన పెట్టలేదు. ఆ తర్వాత ప్రజారోగ్యం బోధించే కాలేజీ నుంచి ఒక డాక్టరమ్మ తన విద్యార్థులతో వచ్చారు. ఆవిడ మా వీధి ఆడవాళ్ల పక్కన నేలమీద కూర్చుని, "మీ ఊరు మాకు తెలీదు. ముగ్గేసి చూపిస్తారా?" అని మాత్రం అడిగారు.

ఆడవాళ్లు నవ్వుకుంటూనే మొదలుపెట్టారు. ఒకామె వీధులు గీసింది, ఇంకొకామె కాలువ గీసింది. మా జేజి అన్నిటికంటే ముందు మా బావిని పెద్ద గుండ్రంగా వేసింది. చూస్తుండగానే ఇళ్లు, పాకలు, పొలాల గట్లు నేలమీద తేలాయి. పైన ఎగిరే కొంగకు మా ఊరు ఇలాగే కనిపిస్తుంది కాబోలని నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను.

తర్వాత డాక్టరమ్మ, జబ్బుపడ్డ ఇంటి మీద చింతగింజ, మనిషి పోయిన ఇంటి మీద బొగ్గుముక్క పెట్టమన్నారు. ఎవరింటి మీద వాళ్లే పెట్టారు. చివరికి పక్కింటి అక్క వచ్చి, వంగి, తన ఇంటి మీద బొగ్గు పెట్టింది.

అప్పుడు అందరికీ కనబడింది. చింతగింజలన్నీ మా బావి చుట్టూ మూగి ఉన్నాయి. కాలువ అవతలి వీధులు ఒక్క గింజా లేక తెల్లగా ఉన్నాయి.  డాక్టరమ్మ మా పక్కన నేలమీదే కూర్చుని ఉన్నారు. తుఫాను తర్వాత అక్క జ్వరంతో పడుకుని ఉన్నన్నాళ్లూ ఆ ఇంటికి నీళ్లు మోసింది మా జేజే.

జేజి ముగ్గు చుట్టూ తిరిగి అక్క దగ్గరికి వెళ్లింది.

"నా చేత్తో నేనే పోసినానమ్మే," అంది.

 "నీకు తెలిసి పోసినావా జేజీ? నేను లేవలేకుంటే నువ్వే కదా వచ్చినావు," అని అక్క జేజి చెయ్యి పట్టుకుంది.

జేజి ఇంట్లోకి వెళ్లి బావి చేంతాడు, బొక్కెన తెచ్చి డాక్టరమ్మ ముందు పెట్టింది. "దీన్ని బాగుచేసే దారి చెప్పండమ్మా. అందాకా ఎవురూ తోడరు."

వరదకు మా పెరటి పశువుల కొట్టం మురుగు బావిలోకి దిగిందని తర్వాత తేలింది. మా మగవాళ్లు, ఆ విద్యార్థులు కలిసి బావి తోడేశారు, గట్టు ఎత్తు చేశారు, కొట్టాన్ని దూరంగా మార్చారు. బావి నీళ్లు శుభ్రపడే మందు ఎంత కలపాలో జేజి వాళ్ల దగ్గర నేర్చుకుంది. పక్క ఊళ్లో ముగ్గు వేయించాల్సి వచ్చినప్పుడు డాక్టరమ్మ జేజిని వెంట తీసుకెళ్లారు. అక్కడి ఆడవాళ్లకు జేజి మొట్టమొదట చెప్పింది మా బావి సంగతే.

ఇప్పుడు ఆలోచిస్తే, ముగ్గు సగంలో ఉండగానే డాక్టరమ్మకు సంగతి అర్థమై ఉంటుంది. అయినా మా కళ్లతో మేము చూసేదాకా ఆగారు. ఎదుటివాళ్లకు తెలిసేదాకా ఓపికగా పక్కన కూర్చోవడం ఆవిడను చూసి కొంత నేర్చుకున్నాను. నా వల్ల జరిగింది తెలిసిన క్షణాన అందరి ముందూ జేజిలా లేచి నడవడం మాత్రం, ఈ వయసులోనూ, ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.