పెద్దబాపు నొసటి కోపం

మా జయరాజ్ పెద్దబాపుకు తన కనుబొమ్మల పైకి ఎవరు చూసినా కోపం. చూసింది పాస్టరైనా పోలీసైనా ఒకటే తిట్టు. ఆయన పోయి నెల కావస్తోంది. చెప్పకుండా పోయాడన్న కోపం నాకింకా తగ్గలేదు. అయినా గోడ మీది ఫొటో తుడిచేటప్పుడు నా చూపు మీసాల దగ్గరే ఆగిపోతుంది.

ఈ కోపం పుట్టుకతో వచ్చింది కాదు. కోటగిరిలో చెరుకు పండిస్తూ ఏళ్ల తరబడి బట్టతలతో దర్జాగా తిరిగిన మనిషి. అలాంటివాడు కిందటేడు, అరవై దాటాక, నిజామాబాద్ పోయి విగ్గు కొనుక్కొచ్చాడు. అదీ ఎప్పుడు? మా చెల్లి ఎస్తర్‌కు పేనుకొరుకుడు వచ్చి, తల ముందు భాగమంతా నున్నగా అయిపోయి, గడప దాటడం మానేసినప్పుడు. బోధన్ చర్చి కాయిర్‌లో పాట ఎత్తుకునేది ఎస్తరే. కాయిర్ జనానికి ఎదురుగా కూర్చుంటుంది. “అందరు నా నొసలే సూస్తరు, నేను పోను,” అని స్కార్ఫు కట్టుకుని మూల గదిలో కూర్చుంది. చర్చి వార్షికోత్సవం దగ్గర పడుతోంది.

అమ్మ మండిపడింది.

“పిల్ల ఏడుస్తుంటే నీకు షోకులా బావా? అక్క పోయి గిన్నేండ్లకు ఎవలను చేసుకుందామని?”

“నా నెత్తి, నా విగ్గు. నీకేం నొప్పి?”

అమ్మ ఆ నొప్పిని బజారంతా పంచిపెట్టింది.

విగ్గు ముందంచున, నుదుటికి అతికించుకోవడానికి సన్నటి వల గుడ్డ ఉంటుంది. లేస్ అంటారు. అది ఎక్కువగానే వస్తుంది. ఇంట్లో మన నుదుటికి తగ్గట్టు మనమే కత్తిరించుకోవాలి. పెద్దబాపు మా వరండాలో కుర్చీ వేసుకుని, ఎస్తర్‌ను గదిలోంచి కేకేసి, అద్దం పట్టుకోమన్నాడు. చెరుకును నేలకు ఆనించి నరకాలి, మోడు మిగలకూడదు. అది ఆయన చేతికి తెలిసిన కోత. లేస్‌నూ అలాగే వెంట్రుకల మొదళ్లకు ఆనించి నరికాడు. వెంట్రుకలు ముడేసి ఉండేది ఆ అంచుకే. ముడులు ఊడి, ఎడమ పక్క ముందు వరసంతా ఒళ్లో రాలింది.

“గీ కంపెనోడు దొంగ,” అన్నాడు. తరువాత కత్తెరను తిట్టాడు. దాని వెంట అద్దాన్ని తిట్టాడు.

“పెద్దబాపూ, జర అంచు ఇడిసిపెట్టాలె. సక్కగ కోయకు, వంకరటింకర కొయ్యి. వెంట్రుకలు గట్ల వరస కట్టి మొలుస్తయా?”

“మోడు ఇడిసిపెట్టుమంటవా? మా బాపు సమాధిలకెళ్లి లేసొస్తడు.”

చాలా రోజులకు ఎస్తర్ నవ్వింది. కుడి పక్క ఆమె చెప్పినట్టే కోశాడు.

కుడి పక్క అచ్చం జుట్టు. ఎడమ పక్క కోతయిపోయిన మడి. అదే పెట్టుకుని చర్చికి బయలుదేరాడు. చూడకుండా ఎవరుంటారు? సంఘ పెద్ద ప్రభు చెయ్యి కలపబోతే, “నా నొసల మీద వాక్యం రాసున్నదా, సదువుతున్నవ్?” అన్నాడు. టీకొట్టు లింబయ్యను అంతకన్నా ఎక్కువే అన్నాడు.

“నేను సూడలే అన్నా.”

“సూడకుంటె, సూడలేదని ఎందుకు చెప్తున్నవ్?”

రాను రాను ఎవరి నుదురు ఎవరు చూసినా ఊరుకోలేదు. ప్రిస్కిల్లక్క తన మొగుడి నుదుటి చెమట తుడుస్తుంటే, “మంది నొసలుతోటి నీకేం పని?” అని అడిగాడు. చివరికి చర్చిలో అందరూ అవతలివాళ్ల చొక్కా గుండీలు చూస్తూ వందనాలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. పాస్టరు చెప్పులను చూస్తూ ఆశీర్వదించేవాడు.

వార్షికోత్సవం నాటి పొద్దున పెద్దబాపు ఇంకో డబ్బా తెచ్చి ఎస్తర్ ముందు పెట్టాడు. అందులో పొడుగు జుట్టు విగ్గు.

“కూసో. మోడు ఇడుస్త తియ్యి.”

ఊపిరి బిగబట్టి, సన్నటి అంచు వదిలి, వంకరటింకరగా కోశాడు. ఒక్క వెంట్రుక రాలలేదు.

“అందరు సూస్తరు పెద్దబాపూ.”

“ఎవడు సూస్తడో నేను సూస్త.”

ఎస్తర్ పాటకు లేచి నిలబడింది. చర్చి మొత్తం తల దించుకుంది. మొదటి వరసలో పెద్దబాపు వెనక్కి తిరిగి కూర్చుని ఒక్కొక్కరినీ ఉరిమి చూస్తున్నాడు మరి. పాటలన్నీ కంఠతా వచ్చిన ప్రభు కూడా పుస్తకం తెరిచాడు, తలకిందులుగా. మొదటి చరణంలో ఎస్తర్ గొంతు వణికింది. ఎదురుగా ఒక్క కన్నూ కనబడక, రెండో చరణానికి ఎప్పటిలాగే ఎత్తుకుంది.

ఇంటికి రాగానే పెద్దబాపు తన విగ్గు పీకి అవతల పారేసి, బట్టతల మీద చన్నీళ్లు చల్లుకుని భోజనానికి కూర్చున్నాడు. అది మళ్లీ పెట్టలేదు.

“గిదంత పిల్ల కోసమని ముందే చెప్పొద్దా బావా?” అంది అమ్మ. “ఊరంత తిరిగి నిన్ను తిట్టొస్తి.”

“చెప్తె తిడ్తుంటివా? నువ్వు తిట్టకుంటె గంతమంది నా నెత్తి సూడనీకె ఎందుకొస్తరు? రాకుంటె నేనెవలకు భయం చెప్పాలె?”

అమ్మకు కోపం ఇంకా పెరిగింది. పళ్లెంలో కోడికూర గరిటె మీద గరిటె బాది వేసింది.

“పెడ్తున్నవా, కొడ్తున్నవా?” అన్నాడు పెద్దబాపు, పళ్లెం ఇంకాస్త ముందుకు జరుపుతూ.