నలగని వంపు

మా మేనమామకు పైపు వంపు ఎక్కడ కనిపించినా దాని లోపలి వైపు బొటనవేలితో రాసి చూడటం అలవాటు. సైకిల్ హ్యాండిలైనా, బస్సులో పట్టుకునే రాడ్డయినా అంతే.

ఎనభయ్యో దశకం చివర్లో అత్తయ్యకు పక్షవాతం వచ్చింది. ఆసుపత్రిలో ఇచ్చిన వాకర్ ఆమెకు మరీ ఎత్తు. రేపల్లెలో ఇంటి వెనక రేకుల షెడ్డులో తనే ఒకటి చేస్తానన్నాడు మామయ్య. అందుకు పైపులు వంచే మిషను కావాలి. నన్ను వెంటబెట్టుకుని తెనాలి వెళ్లాడు. కొట్టాయన ఒక ముక్క వంచి చూపించాడు. మామయ్య వేలు వంపు లోపల ఆగిపోయింది.

"ఇక్కడ నలిగిందండి. బరువు ఆనితే ఇక్కడే విరుగుద్ది."

"గేట్లు చేసేవాళ్లంతా ఇదే పట్టుకెళ్తున్నారండి," అన్నాడు కొట్టాయన.

"గేటు పడితే మళ్లీ నిలబెట్టుకోవచ్చండి."

బాపట్లలోనూ చూశాడు. అక్కడా ఏదీ నచ్చలేదు. ఈలోగా అత్తయ్య గోడ పట్టుకునే నడిచేది. ఒక ఉదయం పెరట్లోకి వెళ్తూ, గోడ అయిపోయిన చోట పడిపోయింది. తుంటి విరిగి మంచం పట్టింది. మళ్లీ లేవలేదు.

ఆమెను సమాధి చేసిన కొన్నాళ్లకు మళ్లీ తెనాలి వెళ్లాం. కొట్టాయన అదే మిషనుతో మరో ముక్క వంచి అందించబోయాడు. మామయ్య చెయ్యి చాచలేదు.

"కట్టెయ్యండి," అన్నాడు.

దానితోనే పైపులు వంచి, అత్తయ్య సమాధి మీద మల్లెతీగ పాకడానికి కమాను కట్టాడు. నేను వేలు పెట్టి చూశాను.

"వంపు నలిగింది మామయ్యా."

"దీన్ని పట్టుకుని ఎవరూ లేవక్కర్లేదు కదరా," అన్నాడు.