నైరుతి గుమ్మం

మేము వలస వచ్చిన దేశంలో, టార్నీట్ అనే శివారులో కొత్త ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. వాటి చివర మిగిలిపోయిన పాత రైతు ఇంటిని నేనే పట్టుబట్టి కొనిపించాను. ఇంగ్లండు నుంచి వచ్చిన వాళ్ళెవరో తమ ఊరి ఇళ్ళలాగే నల్లరాతితో కట్టుకున్నారు. మూరెడు మందం గోడలు, లోతుగా కుంగిన చిన్న కిటికీలు, మనిషి నిలబడగలిగేంత పొయ్యి గూడు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల సాయంత్రమే. వంటింటికి నైరుతిలో ఓ గుమ్మం. దాని రాతి గడప తలుపు కింద నుంచి లోపలికీ సాగి ఉంటుంది. ఎవరెవరి పాదాలకో అరిగి, బయటివైపు నడిమధ్య దోనెలా పల్లం పడింది.

అది చూసి మా ఆయన ముఖం మాడింది. వెనకటి అద్దె ఇంట్లోనూ నైరుతి వాకిలే, అక్కడే ఆయన ఉద్యోగం పోయింది. రెండిటికీ ముడిపెట్టింది, వీడియో కాల్‌లో వాస్తు చెప్పే ఓ పెద్దాయన. మేం వాస్తు అంకుల్ అంటాం.

"కొత్త ఉద్యోగంలో ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్నాను. మూసేద్దాం," అన్నారు.

"కట్టినవాళ్ళు ఇందులోనే బతికారుగా! వాళ్ళనేం చేసింది మీ వాస్తు?"

"ఎలా బతికారో నీకేం తెలుసు?"

తాళంచెవి తెచ్చి ఆయన చేతికిచ్చాను.

తలుపుకి తాళం వేసి, లోపలివైపు చెక్కబోర్డు మేకులతో బిగించేశారు. అప్పట్నుంచి సాయంత్రం గాలి లేవగానే వంటింటి పక్కనున్న సామాన్ల గది తలుపు దానంతటదే తెరుచుకునేది.

"మమ్, ఇట్స్ జస్ట్ ద విండ్," అంది మా అమ్మాయి.

గాలయితే ధడాల్న కొట్టాలి. ఇది మనిషి పట్టేంత మేర తెరుచుకుని, ఆగేది.

వాస్తుని నమ్మను గానీ, శుక్రవారం గడపకి పసుపు రాయకుండా ఉండలేను. ఓ శుక్రవారం ఇల్లు చుట్టి వెళ్ళి, మూసిన గడపకీ బయటినుంచి దట్టంగా రాశాను. మర్నాడు చూస్తే పల్లంలో పసుపు లేదు. అటూ ఇటూ ఎండి, చెక్కు చెదరకుండా ఉంది.

"రాత్రిళ్ళు తోటల్లో తిరిగే ఆ పోసమ్ జంతువేదో నాకేసుంటుందిలే," అన్నారాయన.

"పోసమ్‌కి గోళ్ళుంటాయండీ. గీతలేవీ?"

ఆయన వంగి చాలాసేపు చూశారు. లోపలికెళ్ళి సుత్తి తెచ్చారు. "ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాను. ఆ బోర్డు తీసేద్దాం పద."

బోర్డు ఊడింది. తలుపు తాళం వేసినట్టే ఉంది. తలుపుకీ బోర్డుకీ మధ్య, దుమ్ముపట్టిన రాతి మీద, పసుపుపచ్చగా ఓ మరక.

"నీళ్ళతో జారి వచ్చుంటుంది," అన్నారాయన.

లోపలివైపు రాయి ఎత్తుగా ఉంది. నీళ్ళు పైకి జారవు.

ఆయన ఉద్యోగం నిలిచే ఉంది. వాస్తు అంకుల్‌కి మేమేమీ చెప్పలేదు. శుక్రవారాలు ఆ గడపకి రెండు చివర్లే పసుపు రాస్తాను, వచ్చిపోయేవాళ్ళకని పల్లం వదిలేస్తాను. ఆయన చూస్తారు, వెక్కిరించరు.