మాఘంలో విడుదల

అమెరికాలో బానిసత్వం తప్పని మొదట్లోనే గట్టిగా అన్నవాళ్లలో క్వేకర్లనే క్రైస్తవులున్నారు. వాళ్ల పంతుళ్లు కొందరు నల్లవాళ్ల పిల్లలను తమ ఇళ్లలో కూర్చోబెట్టి చదువు చెప్పారు. అలాగని పటం కట్టి దండ వేయనక్కర్లేదు. బానిసలను కొన్న క్వేకర్లూ ఉన్నారు. మార్కాపురంలో ఒక ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెప్పే రమణి మాత్రం దండ వేసే చెప్పేది.

కొమరోలు దగ్గరి పల్లెలో ఆమె నాయన రామసుబ్బయ్యకు గొర్రెల మంద ఉంది. దాన్ని కాసే జీతగాడు నరసింహం. చిన్నప్పుడు రమణిని భుజాన మోసినవాడు. పండగైనా జబ్బయినా మంద దగ్గరే పడక. ఆమె పెళ్లి భోజనం కూడా అక్కడికే పంపారు.

మాఘంలో ఒకరోజు పాఠం మధ్యలో ఆ భోజనం గుర్తొచ్చింది. సెలవు పెట్టి ఊరికి పోయి, నరసింహాన్ని వదిలిపెట్టమని నాయనతో వాదించి, కేసు పెడతానంది. నేనేమన్నా గొలుసులేసినానా, తోలుకపో అన్నాడాయన. నరసింహమే నసిగాడు, ఉగాది పోనీ పాపా అని. బానిసకు భయం అలవాటవుతుందని క్లాసులో చెప్పే మనిషి వింటుందా? చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది. పెద్దదోర్నాల హోటల్లో పని చూపించింది.

ఆ పల్లెల్లో జీతం ఉగాది నుంచి ఉగాదికి. జీతగాడికి ఏటా ఒక ఆడ గొర్రెపిల్లను చెవి కోసి గుర్తుపెట్టి ఇస్తారు. అదీ దాని పిల్లలూ యజమాని మందలోనే పెరుగుతాయి. ఏడాది నడుమ వెళ్లిపోతే పాతవాటితో సహా ఒక్కటీ దక్కదు. మందలున్న ఇంట్లో పుట్టిన రమణికి ఇది తెలుసు. ఆవేశంలో తట్టలేదు, అంతే. విడిచిపెట్టిన మనిషికి అన్నేళ్ల కష్టానికి ఫలం ఇవ్వాలన్న మాట క్వేకర్లలోనూ లేచింది. ఆమె పాఠం మాత్రం విడుదల దగ్గరే ఆగేది.

నరసింహం తన గొర్రెలు తోలుకుందామని పోతే రామసుబ్బయ్య లేవన్నాడు. సంగతి తెలిసి రమణి పరుగున వెళ్లింది.

"వాని గొర్రెలు వానికియ్యి నాయనా."

"నేను పొమ్మన్నానా? నువ్వే తోలుకపోతివి. మాఘంలో పోయినోనికి ఏ ఊళ్లో ఇస్తారమ్మా?"

అప్పటికే ఆ గొర్రెల రెండో చెవికి ఇంటి గుర్తు పడిపోయింది.

ఉగాది నాడు నరసింహం తిరిగొచ్చి అదే మందకు జీతం కుదిరాడు, మళ్లీ మొదటి పిల్ల నుంచి. రమణి వెళ్లేసరికి, మొన్నటిదాకా తనవిగా ఉన్న గొర్రెలు చుట్టూ మూగుతుంటే వాటి చెవులు నిమురుతున్నాడు. ఆమె ఏడ్చింది. అతనికి కోపం రాలేదు.

"ఇంగ నాకోసం రావొద్దు పాపా," అన్నాడు. "ఇంకోసారి మొదలుపెట్టేదానికి నాకు వయసు లేదు."