అత్తమ్మ పట్టని కాన్పు

పొద్దున లేవగానే మొదట ఆముదం వేడి చేసేదాన్ని. చిన్న గిన్నెలో తీసుకెళ్లి అత్తమ్మ ముందు పెడితే, వేళ్లకు రాసుకుని ఒక్కొక్క కణుపూ వత్తుకునేది. ఇప్పుడు పొయ్యి మీద ముందు టీ పెడుతున్నాను. పన్నెండు రోజులవుతోంది.

మా అత్తమ్మ దుర్గమ్మ అలియాబాద్‌లో మంత్రసాని. ఊళ్లో సగం మంది ఆమె చేతుల్లోకి వచ్చినవాళ్లే. బస్సులో ఎవరైనా సీటు కోసం దబాయిస్తే, "నీ బొడ్డు గోసిన సెయ్యిరా ఇది, సప్పుడు జెయ్యకు" అనేది. వాళ్లు నవ్వి చోటిచ్చేవారు.

నాకు మాత్రం ఆ చేతుల్లో కనే రాత లేకపోయింది. 2002లో మా వర్ష కడుపులో అడ్డం తిరిగితే మేడ్చల్‌లో పూర్తి మత్తు ఇచ్చి కోశారు. మెలకువ వచ్చేసరికి పక్కన బిడ్డ ఉంది. నాలోంచి ఎప్పుడు వెళ్లిందో నాకు తెలియదు. తొలి ఏడుపు వినలేదు.

ఏడాది తిరగకుండానే మళ్లీ కడుపు. పాత కుట్టు ఇంకా పచ్చిగా ఉంది, నొప్పులదాకా ఆగితే తెగవచ్చు అని డాక్టరమ్మ ఆపరేషన్‌కు తారీఖు రాసిచ్చింది. నాకేమో నొప్పులు పడి కనాలని ఉండేది. ఎవరికి చెప్పినా నవ్వుతారని అత్తమ్మకే చెప్పాను. ఊరందరి పిల్లల్ని పట్టి సొంత మనవరాల్ని పట్టలేదన్న బాధ ఆమెకూ ఉంది. మా ఆయన జీడిమెట్ల డ్యూటీకి వెళ్లాక ఓ రోజు నన్ను పడుకోబెట్టి, అరచేయి కుట్టు మీద పెట్టి చాలాసేపు ఉంచింది.

"నువ్వే పట్టరాదా అత్తమ్మా?" అన్నాను.

శామీర్‌పేట సుక్కమ్మ సంగతి అప్పుడే చెప్పింది. సుక్కమ్మకు తొలి కాన్పు ఆపరేషన్. రెండోది ఇంట్లోనే కంటానని అత్తమ్మను పిలిపించుకుంది. జోరుగా వస్తున్న నొప్పులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. అలసిపోయిందనుకుని అత్తమ్మ సొంటి కషాయం తాగించి కూర్చుంది. లోపల కుట్టు తెగిందని తెలిసి ఆటో ఎక్కించేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు.

"కషాయం నేనే గాసిన బిడ్డా. గప్పటిసంది కుట్టున్న కడుపు ముట్టలె. నాకు మనుమడు గావాలె, నువ్వు గూడ గావాలె. పో, కోయించుకో."

సరేనన్నాను. ఆ తారీఖు పొద్దున, కాన్పుకు వెళ్లిన ప్రతి ఇంట్లో చేసే పనే మా ఇంట్లోనూ చేసింది. తాళాలన్నీ తీసింది, ముడులన్నీ విప్పింది, బట్టలారేసే తాడుతో సహా. బిడ్డ దారికి ఏదీ అడ్డు ఉండకూడదట. కోసి తీసే బిడ్డకు ఇదంతా ఎందుకని మా ఆయన అంటే, ఏ దారైనా దారే కదా అంది.

ఈసారి నడుముకే మత్తు. బాబు ఏడుపు విన్నాను. నర్సు వాడిని శుభ్రంగా తుడిచి, గుడ్డలో చుట్టి తెచ్చిస్తే, అన్నీ మీరే చేస్తే ఇక నేనేం చేయాలని అత్తమ్మ అడిగిందట.

వాడికిప్పుడు ఐదేళ్లు. పిల్లలు కాకుండా ఆపరేషన్ కూడా అప్పుడే అయిపోయింది. అయినా ఎవరింట్లోనైనా నొప్పులు మొదలయ్యాయని వింటే నా నడుము గుంజుతుంది. చేతుల్లోకి బిడ్డ తల వచ్చినప్పుడు ఎట్లా ఉంటుందని ఒకసారి అత్తమ్మను అడిగాను. "ఎచ్చగుంటది" అంది, అంతే.

నిన్న అత్తమ్మ దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయారు. అత్తమ్మ పెట్టె సర్దమని, తాళం వేసి చెవి దాచమని చెప్పి మా ఆయన డ్యూటీకి వెళ్లాడు. చీరలన్నీ మడిచి పెట్టాను. తాళం వేయలేదు.