బండెక్కని మెకానిక్

మా మావయ్య ఇప్పటికి మూడుసార్లు భూగోళం చుట్టొచ్చాడు. అదీ కాలినడకన, మా వర్క్‌షాపు ముందున్న సందు దాటకుండా. నమ్మకపోతే లెక్క వేసుకోండి. సందు పొడుగు మూడొందల అడుగులు, ఒక్కో బండికి తక్కువలో తక్కువ పదిసార్లు అటూ ఇటూ, ముప్ఫై నాలుగేళ్ల సర్వీసు. గుణించడం మీ పని. నేను పాలిటెక్నిక్ రెండో ఏడు మధ్యలో మానేసినవాణ్ణి. నేను లేని లోటు ఆ కాలేజీ ఇప్పటికీ పూడ్చుకోలేదని విన్నాను.

మావయ్య మా అమ్మకి అన్న. పని ఇరుసుల మెకానిక్. జీపు, లారీ, ట్రాక్టరు, ఏదైనా సరే, చక్రానికీ చక్రానికీ మధ్య ఏది మొరాయించినా ఆ బండి చివరికి వచ్చి ఆగేది మా రేకుల షెడ్డు ముందే. ఇంత పేరున్న మనిషి బండి మాత్రం ఎక్కడు. ఎక్కితే వాంతి. కొత్తదా పాతదా, గొప్పవాళ్లదా పేదవాళ్లదా అన్న తేడా చూపించడు, ఆ విషయంలో సమదర్శి. వయసులో ఉండగా ఒక పెద్దమనిషి కొత్త కారులో ఏదో చప్పుడు వస్తోందంటే వినడానికి ముందు సీట్లో కూర్చున్నాడట. చప్పుడు దొరికింది. కారుని మాత్రం నాలుగు తలుపులూ బార్లా తెరిచి వారం రోజులు ఎండలో పెట్టాల్సొచ్చింది. అప్పట్నుంచీ ఎవరైనా బండి నడుపుతుంటే ఆయన పక్కన నడుస్తాడు. అందుకే ఆయన నడక మేస్త్రీ అయ్యాడు. మా అత్తయితే, పెళ్లికి పదకొండు కిలోమీటర్లు నడిచొచ్చిన మనిషి పెళ్లయ్యాక నన్ను మాత్రం కారెక్కిస్తాడా అంటుంది.

ఆ నడక ఒకసారి చూడాలి. బండి మొదటి గేరులో చీమలా పాకుతుంది. మావయ్య ఎడమ అరచెయ్యి వెనక చక్రం పైన రేకు మీద ఆనించి, తల కొంచెం వంచి, పెళ్లికూతుర్ని పందిట్లోకి తీసుకెళ్తున్నంత నెమ్మదిగా అడుగులేస్తాడు. బండి జోరుగా పోతే చప్పుళ్లన్నీ ఒకటే గోలగా కలిసిపోతాయని, మనిషి నడకతో పోతే ఒక్కొక్కటీ విడివిడిగా వచ్చి తన పేరు చెప్తుందని ఆయన నమ్మకం. సందు చివర గోదాము గోడ దగ్గర బండి ఆగితే, ఏం విన్నావురా అని ముందు నన్నే అడుగుతాడు. నేను ఐదు జబ్బులు చెప్తాను. ఆయన ఒకటి చెప్తాడు, లేదా ఏమీ చెప్పకుండా బండి వెనక్కి తిప్పమంటాడు.

షెడ్డులో ఆయన పెట్టిన చట్టం ఒకటే. గోడకి ఒక నల్లబల్ల ఉంటుంది. ఏ బండికి ఏది విప్పినా, ఏది మార్చినా, బోల్టుతో సహా దాని మీద రాయాలి. నా చేతిరాత డాక్టర్లు కూడా అసూయపడేలా ఉంటుంది కాబట్టి నాకు ఆ బల్లంటే పెద్ద ఇష్టం ఉండేది కాదు.

ఇక నర్సక్క సంగతి. కొండ మీద ఆరు ఊళ్లకి కాన్పులు చూసే నర్సు. పాత జీపు ఒకటి తనే నడుపుకుంటూ పైకీ కిందికీ తిరుగుతుంది. కిందటేడు వానల్లో ఆ జీపు సగం దారిలో బురదలో కూరుకుపోతే, సంచీ భుజాన వేసుకుని నాలుగు కిలోమీటర్లు ఎక్కింది. చేరేసరికి తల్లి ఉంది, బిడ్డ లేదు. అది చెప్పినప్పుడు ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. మేమే తలలు దించుకున్నాం.

ఇరుసు మధ్యలో ఉండే మామూలు డిఫరెన్షియల్‌తో వచ్చే చిక్కే ఆ కూరుకుపోవడం. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కాబట్టి, రెండు చక్రాల్నీ వాటి ఇష్టానికి వదిలేస్తుంది. బురదలో ఆ స్వేచ్ఛే కొంప ముంచుతుంది. ఒక చక్రం గిరగిరా తిరుగుతుంటే రెండోది చేతులు కట్టుకుని కూర్చుంటుంది. దానికి మందు లాకర్. అది వెనక చక్రాలు రెండింటినీ ఒక్క మాట మీద నడిపిస్తుంది. మలుపులో మాత్రం లోపలి పళ్లు ఒకదాని మీంచి ఒకటి జారి, టక్ టక్‌మంటూ బయటి చక్రాన్ని ముందుకు పోనిస్తాయి. నర్సక్క జీపుకి అలాంటిది ఒకటి తెప్పించాం. దాన్ని బిగించే పని మావయ్య నాకే ఇచ్చాడు. నేనొక్కణ్ణే చేసిన మొదటి ఇరుసు అది. ఆ రోజు నేను పానా పట్టుకున్న తీరు చూసి షెడ్డు మీది కాకులు కూడా అరుపు ఆపాయి.

మూడు వారాలు తిరగకుండానే, ఒక బుధవారం పొద్దున జీపు మళ్లీ మా గుమ్మంలో ఉంది. చప్పుడట. మలుపులో రావడం మామూలేనని నేను ఉపన్యాసం మొదలుపెట్టబోతే నర్సక్క చెయ్యెత్తింది.

"మలుపు సంగతి నువ్వు ముందే చెప్పావు తమ్ముడూ, గుర్తుంది. ఇది తిన్నటి రోడ్డు మీద వస్తోంది. దారి మధ్యలో విరిగిపోయేదైతే ఇప్పుడే పీకెయ్యండి. కిందటేడు నడిచాను, ఈ ఏడూ నడుస్తాను."

శనివారం వస్తానంది. ఆలోగా చప్పుడేమిటో తేల్చాలి, లేకపోతే పాత డిఫరెన్షియల్ వెనక్కి వెయ్యాలి. సోమవారం నుంచి వానలని రేడియో వాడు చెప్తున్నాడు.

ఆ బుధవారం నేను గంటన్నరలో ఇరుసు విప్పాను. ఒక్కో పన్నూ తడిమాను, పళ్ల మధ్య ఖాళీలన్నీ కొలిచాను, తప్పు దొరకలేదు. మావయ్య సందులో నాలుగుసార్లు నడిచి, కుడి చక్రం బేరింగు మార్చి చూడమన్నాడు. మార్చాను. టక్. గురువారం ఎడమది మార్చమన్నాడు. అదీ మార్చాను. టక్. శుక్రవారం ఏమీ మార్చమనలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడిచాడు, నేను నడిపాను. సందులో బట్టలారేసుకునే ఆవిడ, ఈ జీపుని దేవుడి రథంలా ఇలా తిప్పుతున్నారేమిటని అడిగింది.

గురువారం ఎడమ చక్రం విప్పుతుంటే నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. లాకర్ బిగించిన రోజు, వెనక ఎడమ టైరు పక్కభాగంలో కోత కనిపించింది. జీపు వెనక కొత్త స్టెప్నీ ఉంది. నర్సక్కకి మేలు చేసినట్టూ ఉంటుంది, నా మొదటి పని తళతళలాడుతుందీ అని, ఆ కొత్తది వేసేసి కోత పడ్డదాన్ని స్టెప్నీ జాగాలో తగిలించాను. టైరుకీ ఇరుసు లోపలికీ ఏం సంబంధం అనుకుని బల్ల మీద రాయలేదు. జీపు తిరిగొచ్చేసరికి చక్రాలన్నీ ఎర్రమట్టి పట్టి ఒకే రంగులో ఉన్నాయి. ఏది కొత్తో ఏది పాతో కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. ఇప్పుడు చెప్తే, చేతికిచ్చిన మొదటి పనిలోనే చట్టం తప్పినవాణ్ణవుతాను. మళ్లీ ఇరుసు నా చేతికి రాదు. చెప్పకపోతే నర్సక్క బురదలో నడుస్తుంది. ఈ రెంటి మధ్యా ఒక రాత్రి గడిపి చూడండి, పాలిటెక్నిక్ పరీక్షలు పండగలా అనిపిస్తాయి.

శనివారం నర్సక్క చెప్పిన వేళకే వచ్చి, నల్లబల్ల కింద సంచీ పెట్టుకుని కూర్చుంది. మావయ్య ఆఖరిసారి అని నన్ను జీపెక్కమన్నాడు. ఈసారి చక్రం చుట్లు పైకి లెక్కపెడుతూ నడిచాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, టక్. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, టక్. గోదాము గోడ దగ్గర బండి ఆపించి, నా కిటికీ దగ్గరికొచ్చాడు.

"బేరింగైతే చుట్టు చుట్టుకీ అరవాలి. ఇది నాలుగైదు చుట్లకోసారి అరుస్తోంది. ఇరుసు కాకుండా ఇంకేం ముట్టుకున్నావురా అల్లుడూ?"

నా నాలుక మీద అప్పటికే మూడు కథలు వరసలో నిలబడి ఉన్నాయి. మూడూ మంచివే, ఒకదాంట్లో పొరుగు షెడ్డువాడు కూడా ఉన్నాడు. అద్దంలోంచి చూస్తే, సందు ఆ చివర, షెడ్డు ముందుకొచ్చిన నర్సక్క ఒంగుని చెప్పుల పట్టీ బిగించుకుంటోంది. నడవబోయే మనిషి బిగించుకున్నట్టే గట్టిగా.

"ఎడమ టైరు మార్చాను మావయ్యా. కొత్తది వేశాను. బల్ల మీద రాయలేదు."

ఆయన నన్ను తిట్టలేదు. మొహం కూడా మార్చలేదు. "సుద్దముక్క తే" అన్నాడు.

వెనక చక్రాలు రెండూ కడిగించాడు. రెండింటికీ నేల తగిలేచోట ఒక్కొక్క గీత గీశాడు. తిన్నగా ఇరవై చుట్లు పోనిమ్మన్నాడు. దిగి చూస్తే కుడి గీత నేల మీదికి వచ్చి ఉంది, ఎడమ గీత ఇంకా పావు చుట్టు వెనక ఉంది. కొత్త టైరుకీ అరిగిన టైరుకీ చుట్టుకొలతలో అంగుళం తేడా. చిన్న చక్రం అదే దూరానికి ఎక్కువ తిరగాలి. లాకరేమో ఇద్దరూ కలిసే నడవాలంటుంది. నాలుగైదు చుట్లు బిగబట్టి, ఇక పట్టలేక ఒక పన్ను జారవిడుస్తుంది. అదే ఆ టక్. పాపం తిన్నటి రోడ్డుని కూడా అది మలుపే అనుకుంటోంది. అలాగే వదిలేస్తే కొన్నాళ్లకి పళ్లు అరిగి, నిజంగానే ఏ బురదలోనో చెయ్యిచ్చేది.

ముందు చక్రాల్లో ఒకదాన్ని వెనక్కి తెచ్చి, కొత్తదాన్ని ముందుకి వేశాం. ముందు ఇరుసుకి లాకర్ లేదు, అది సర్దుకుపోతుంది. గాలి రెండు పక్కలా సమంగా కొట్టాం. మళ్లీ నడక. ఈసారి ఒక పక్క మావయ్య, ఇంకో పక్క నర్సక్క, మధ్యలో నేను ఊరేగింపులో పెళ్లికొడుకులా. తిన్నగా పోతే గాలి చప్పుడు కూడా లేదు. సందు మలుపులో మాత్రం టక్ టక్‌మని అల్లరి చేసింది. నర్సక్క ఆ మలుపు రెండుసార్లు తిప్పించుకుని, సంచీ జీపులో పెట్టుకుంది. ఆవిడ వెళ్లాక నేను బల్ల దగ్గరికెళ్లి, టైరు సంగతి గుండ్రటి అక్షరాలతో రాశాను. మావయ్య అది చదివి, పక్క వరసలో ఇంకో బండి పేరు రాసి, దాని ఎదురుగా అల్లుడి పని అని రాశాడు. ఆ బండికి పాడైంది ఇరుసే.

సోమవారం వాన మొదలైంది. ఆపై వారం, కప్పు దాకా బురద పూసుకుని జీపు వచ్చింది. నర్సక్క దిగకుండానే చెప్పింది. గురువారం పై ఊళ్లో కాన్పు, వేళకి చేరింది, ఆడపిల్ల, రెండున్నర కిలోలు. మావయ్య అడిగినవి రెండే ప్రశ్నలు. మలుపులో మోగిందా అన్నాడు. మోగిందంది. తిన్నగా పోతే అన్నాడు. లేదంది. అది విన్నాక ఆయన గ్రీజు వదలడానికి తడి రంపప్పొట్టుతో చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. రెండు నిమిషాల పాటు రుద్దిన చోటే రుద్దాడు.

ఇన్నేళ్లలో నాకు పాఠం చెప్పినవాళ్లు చాలామంది, నన్ను నిలబెట్టినవాడు ఈయనొక్కడు. ఎవరు వచ్చినా ఈ కథ చెప్తాను. మొన్న ఒక లారీ డ్రైవరుకి చెప్తూ, మావయ్యకి అది టైరేనని మొదటి రోజే తెలుసని, నా నోటితో నేనే ఒప్పుకోవాలని మూడు రోజులు ఓపిగ్గా నడిచాడని, అలాంటి గురువు ఏడు జన్మలెత్తినా దొరకడని అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను కూడా. మావయ్య గుంటలో, లారీ కింద ఉన్నాడు. తల బయటికి పెట్టకుండానే అన్నాడు:

"నాకేం తెలీదు. రెండు రోజులు నేనూ బేరింగే అనుకున్నాను. తెలిసుంటే నీచేత రెండు బేరింగులు ఎందుకు మార్పిస్తాను?"