ఇంటర్వ్యూలో అసిరమ్మ

ఆచార్య నగరేశ్వరరావు గారికి చెడ్డ అలవాట్లేవీ లేవు. కాఫీ కూడా తాగరు. ఉన్నదల్లా ఒక్కటే గుణం. అధ్యాపక ఉద్యోగం కోసం ఎవరైనా వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నారంటే ఆయన ముసలమ్మ అయిపోతారు.

మాటవరసకి అన్నది కాదు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి, విభాగాధిపతి, నిండుగా మీసం ఉన్నవారు, బల్ల కింది సంచిలోంచి ఆకుపచ్చంచు పాత నేతచీర తీసి బట్టతల మీద ముసుగేసుకుంటారు. నడుం వంచుతారు. అడుగులో అడుగేసుకుంటూ బల్ల చుట్టూ తిరిగొచ్చి అభ్యర్థి ముందు నిలబడతారు. "నా పేరు అసిరమ్మ నాయినా. మందులకొచ్చినాను. సీటీ రాసియ్యి" అంటారు. అభ్యర్థి ముందు కంప్యూటర్లో ఆసుపత్రి చీటీ రాసే పేజీ తెరిచి ఉంటుంది. ఆ ముసలమ్మని అందులోకి ఎక్కించాలి. పరీక్ష అంతే.

ఇది జరిగేది విజయనగరం నుంచి గజపతినగరం వెళ్ళే దారిలో ఉన్న చంపావతి విశ్వవిద్యాలయంలో. విభాగం హెల్త్ ఇన్ఫర్మాటిక్స్. రోగుల వివరాలు కంప్యూటర్లో తప్పిపోకుండా, ఒకరివి ఇంకొకరి వాటితో కలిసిపోకుండా, డాక్టరుకి కావలసిన వేళకి అందేలా చూసే చదువది. చదివే పిల్లలు ముప్పై ఎనిమిది మంది. చెప్పేవారు నగరేశ్వరరావు గారొక్కరే. రెండు పోస్టులు నాలుగేళ్ళుగా ఖాళీగా ఉన్నాయి.

ఆ ఖాళీల బరువు మోసేది మాత్రం సూపరింటెండెంటు ఈశ్వరి. ప్రకటన రాయాలి, రిజర్వేషన్ల రోస్టరు చూడాలి, దరఖాస్తులు వడపోయాలి, ఒక్కొక్కరి పరిశోధన పత్రాలూ ఏడేసి కట్టలు జిరాక్సు తీయించాలి, బయటి ఊళ్ళ నిపుణుల్ని రైలు దింపి తెచ్చుకుని మళ్ళీ రైలెక్కించాలి. ఇదంతా ఆమె ఆరుసార్లు చేసింది. ఆరుసార్లూ కుర్చీలు ఖాళీగానే మిగిలాయి. ఏడోసారి ప్రకటన టైపు చేస్తుంటే తేదీ తప్ప మార్చవలసిందేమీ కనిపించలేదు. ఆ తేదీ మార్చడానిక్కూడా ఆమెకు ఓపిక లేకపోయింది. కాసేపు బల్ల మీద తల వాల్చి, అప్పుడు మార్చింది.

యూనివర్సిటీలో అందరూ తప్పంతా అసిరమ్మ మీదే తోసేవారు. అందులో కొంత నిజమూ ఉంది. రెండో ఇంటర్వ్యూకి ధర్మేంద్ర అనే అబ్బాయి వచ్చాడు. ముప్పై పరిశోధన పత్రాలు, మెడలో టై, చేతిలో తళతళలాడే ఫైలు. అసిరమ్మని పుట్టినతేదీ అడిగాడు. "పెద్ద గాలివాన నాటికి మా సెల్లి సంకలో ఉన్నాది. నాను మేకల్ని తోల్తన్నాను" అంది ముసలమ్మ. అబ్బాయి ఆలోచించి, జనవరి ఒకటి అని కొట్టాడు.

"ఆ తారీకు నాది కాదు నాయినా. మా ఊరందరిదీని" అంది అసిరమ్మ.

ఫోను నంబరు అడిగితే మనవడిదని చెప్పింది, వాడు సిమ్ము మార్చేశాడంది. ఆధార్ కార్డు అడిగితే బియ్యం డిపోలో మర్చిపోయానంది. పేరు ఎలా రాయాలో అడిగితే, "నానే రాసుకోగలిగితే నీకాడికెందుకొస్తాను?" అంది. ముప్పై పత్రాల అబ్బాయి చెమట తుడుచుకుని, మీ వెంట వచ్చిన మనిషిని పిలవమన్నాడు. ఒంటరి ముసలమ్మ వెనక్కి నడిచి వెళ్ళి, తన కుర్చీలో కూర్చుని, ముసుగు తీసి, సున్నా వేసింది.

మరొకాయన ఇది ఇంటర్వ్యూనా నాటకమా అని అడిగి లేచి వెళ్ళిపోయారు. ఇంకొకాయన నిజంగానే ఎవరో ముసలమ్మ దారి తప్పి లోపలికొచ్చిందనుకుని అటెండరు కూర్మయ్యని కేకేశారు. కూర్మయ్య పరుగున వచ్చి, రెక్క పట్టుకుని, మీసం చూసి, "మీరా సార్" అని వదిలేశాడు.

అయితే అసిరమ్మకి చీటీ రాసినవాళ్ళు అసలు లేకపోలేదు. ఇద్దరు రాశారు. వాళ్ళలో ఒకాయన ఇక్కడి నియామకపు ఉత్తరాన్ని బెంగళూరులో తన కంపెనీకి చూపించి జీతం పెంచుకున్నాడు. రెండో ఆవిడ వచ్చి, క్వార్టర్సు చూసి, పిల్లలకి ఇక్కడ మంచి బడి ఉందా అని అడిగి, ఆలోచించుకుని చెప్తానని వెళ్ళింది. ఈశ్వరి ఆవిడకి పదకొండుసార్లు ఫోను చేసింది. పన్నెండోసారి ఆవిడ భర్త ఎత్తి, మీరు బ్యాంకు వాళ్ళా అని అడిగాడు. ఈ సంగతులు పట్టించుకునేవారెవరు? చీర కట్టుకున్న ప్రొఫెసరు కథే అందరికీ రుచి.

ఏడో ఇంటర్వ్యూ నాలుగు రోజుల్లో ఉందనగా వైస్ ఛాన్సలర్ జగన్నాధం గారు ఈశ్వరిని పిలిపించారు. ఆయనా అలిసిపోయిన మనిషే. కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంటూ, ఈసారీ పోస్టులు నిండకపోతే ప్రభుత్వానికి వెనక్కి పోతాయనీ, కోర్సు మూసేసి పిల్లల్ని వేరే ఊళ్ళ కాలేజీలకి సర్దాలనీ చెప్పారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఆచార్యులవారు వేషం వేయకూడదు. ఆ చీర ఆయన చేతికి అందకుండా చూడండమ్మా" అన్నారు.

ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఈశ్వరి ఎన్నో ఆజ్ఞలు ఫైలు చేసింది గాని చీర దాచమన్న ఆజ్ఞ ఇదే మొదలు. ఇంటర్వ్యూ నాడు పొద్దున్నే సంచిని బీరువాలో పెట్టి తాళం వేసింది. నగరేశ్వరరావు గారికి సంగతి చెప్తే, "అలాగేనమ్మా" అన్నారు. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు ఆమెకు ఎందుకో మనసు చివుక్కుమంది.

ఢిల్లీ నుంచి వచ్చిన నిపుణురాలి పేరు సుహాసిని. పుట్టుక తెలుగే గాని అక్కడే ఉద్యోగం చేసి చేసి ప్రశ్నలన్నీ ఇంగ్లీషులోనే వేసేవారు. అభ్యర్థులు అయిదుగురు. మొదటి నలుగురూ ధారాళంగా మాట్లాడారు. ఒకాయన పది నిమిషాల్లో కృత్రిమ మేధ అన్న మాట నలభైసార్లు అన్నాడు. మూల కుర్చీలో కూర్చుని వివరాలు రాసుకుంటున్న ఈశ్వరి లెక్కపెట్టింది. ముందు ముందు ఏం చేస్తారని సుహాసిని గారు అడిగితే, నలుగురూ ఇక్కడ రెండేళ్ళు చేసి పెద్ద ఊరికి వెళ్తామన్న సంగతిని నాలుగు రకాలుగా చెప్పారు. నగరేశ్వరరావు గారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. చీర లేకపోతే ఆయన ఇంత చిన్నమనిషా అనిపించింది ఈశ్వరికి.

అయిదో అభ్యర్థి శ్రావణి. గజపతినగరం దగ్గర పల్లెలో చోళ్ళూ వరీ పండించుకునే ఇంటి పిల్ల. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎనిమిదేళ్ళు చీటీలు రాసే ఉద్యోగం చేస్తూనే పీజీ, పీహెచ్‌డీ పూర్తి చేసింది. దరఖాస్తు వడపోస్తున్నప్పుడే ఈశ్వరి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది.

సుహాసిని గారు ఇంగ్లీషులో ఏదో అడిగారు. శ్రావణి నోరు తెరిచింది. మాట రాలేదు. రెండో ప్రశ్న వేశారు. "మేడమ్..." అని ఆగిపోయింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండిపోయింది. జవాబు తెలుసని ముఖంలో కనిపిస్తూనే ఉంది. జగన్నాధం గారు గడియారం చూసుకున్నారు.

అప్పుడు నగరేశ్వరరావు గారి చెయ్యి అలవాటు కొద్దీ బల్ల కిందికి వెళ్ళింది. అక్కడ సంచి లేదు. చెయ్యి ఉత్తదే పైకొచ్చింది. ఆయన ఈశ్వరి వైపు చూశారు. అందులో అల్లరి లేదు. నడిరోడ్డు మీద బస్సు తప్పిపోయిన మనిషి చూపు అది.

ఈశ్వరికి ఆ క్షణంలో గొప్ప ఆలోచనలేవీ రాలేదు. ఈ పిల్ల కూడా పోతే ఏడు ప్రకటనలు, ఏడేసి కట్టల జిరాక్సు, పదకొండు ఫోన్లు, అన్నీ బూడిదలో పోసిన పన్నీరే. అదొక్కటే తోచింది. వేషం వేయకూడదన్నది ఆచార్యులవారికి ఇచ్చిన ఆజ్ఞ. సూపరింటెండెంటుకి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆమె పుస్తకం పక్కన పెట్టి, చేతిసంచి చంకన పెట్టుకుని, కొంగు తల మీద వేసుకుని, కుర్చీ పట్టుకుని లేచి, శ్రావణి ముందుకొచ్చి నిలబడింది. ఆరు ఇంటర్వ్యూల మాటలు ఆమెకు కంఠతా వచ్చు.

"అమ్మా, నా పేరు అసిరమ్మ. మందులకొచ్చినాను. సీటీ రాసియ్యి."

వైస్ ఛాన్సలర్ గారి పెన్ను కింద పడింది. సుహాసిని గారు ఈవిడెవరన్నట్టు అటూ ఇటూ చూశారు. శ్రావణి మాత్రం వాళ్ళెవరినీ చూడలేదు. లేచి తన కుర్చీని ఆమె వైపు జరిపింది.

"ముందు కూకో అప్పా. ఏ ఊరు మీది?" అంది, సొంత అక్కని పలకరించినట్టు.

ఈశ్వరి కూర్చుని ఊరి పేరు చెప్పింది. పుట్టినతేదీ అడుగుతుందేమోనని గాలివాన కథ సిద్ధంగా పెట్టుకుంది. శ్రావణి ఆ ఊసే ఎత్తలేదు.

"మీ వీధికి ఆశా అమ్మాయి ఎవులొస్తారు?"

"నీలవేణొస్తాది," అంది ఈశ్వరి. ఆమె వీధికి వచ్చే అమ్మాయి పేరు నిజంగా అదే.

"ఏసుకునే బిళ్ళలున్నాయేటి? సంచిలో సూడు ఒకసారి."

ఈశ్వరి కాస్త తడబడి, తన చేతిసంచి తెరిచి తన బీపీ మాత్రల అట్టనే తీసి ఇచ్చింది. శ్రావణి వెనక్కి తిప్పి, మాత్రల పక్కన అచ్చేసిన వారాల పేర్లు చూసింది. ఈ వారంలో నాలుగు రోజులు ఏసుకోలేదేమప్పా అని అడిగింది. ఈ ప్రశ్న ఆరు ఇంటర్వ్యూల్లోనూ ఎవరూ అడగలేదు. "పని ఎక్కువయిపోనాది" అంది చివరికి. అందులో నటన ఏమీ లేదు.

శ్రావణి బల్ల మీద ఎప్పటిలాగే ఉన్న కంప్యూటరు మీటలు నొక్కుతూ, తలెత్తకుండానే తెలుగులో చెప్పుకుపోయింది. అసిరమ్మ అన్న పేరు ఇంగ్లీషులో తొమ్మిది రకాలుగా రాస్తారు కాబట్టి అక్షరాలతో వెతక్కూడదు, పలికే తీరుతో వెతకాలి. జనవరి ఒకటిని పుట్టినతేదీ కింద నమ్మకూడదు, తెలియనప్పుడల్లా రాసేవాళ్ళు అదే రాస్తారు. ఆ మాట చెప్తూ తనూ అలా వేలసార్లు రాశానని ఒప్పుకుంది. ఊరు, ఇంటిపేరు, ఆశా కార్యకర్త, వాడే మందు, ఈ నాలుగూ కలిస్తే మనిషి దొరుకుతుంది. ఎంత కలిస్తే నమ్మొచ్చో లెక్క కట్టే పద్ధతే తన పరిశోధన.

సుహాసిని గారు ముందుకి వంగారు. ఒకే ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరూ అసిరమ్మలే అయితే ఎలా అని అడిగారు. ఈసారి తెలుగులోనే అడిగారు. శ్రావణి జవాబు తెలుగులో మొదలుపెట్టి, మధ్యలో తనకే తెలియకుండా ఇంగ్లీషులోకి వెళ్ళి, అరగంట ఆగకుండా మాట్లాడింది. ముందేం చేస్తావని అడిగితే, మా ఇంటికి ఇక్కణ్ణుంచి బస్సులో ముప్పావుగంటే మేడమ్ అంది.

శ్రావణి పేరు ఖాయమైంది. మిగిలిన నలుగురిలో రెండో పోస్టుకి ఎవరినీ తీసుకోలేదు. ఒక పోస్టు నిండింది కాబట్టి కోర్సు మూయనక్కర్లేదనీ, రెండోదానికి ఇంకో ఏడాది గడువు అడుగుతాననీ జగన్నాధం గారు చెప్పారు. వెళ్ళబోతూ ఈశ్వరి దగ్గర ఆగి, జరిగినదాన్ని సమావేశం మినిట్సులో ఎలా రాస్తారని అడిగారు. అభ్యర్థిని రోగితో మాట్లాడించి చూశాం అని రాస్తానందామె. ఆయన ఆమె రాసేదాకా ఆగి, సంతకం పెట్టేశారు.

అందరూ వెళ్ళాక నగరేశ్వరరావు గారు బీరువా దగ్గర నిలబడి ఉన్నారు. ఈశ్వరి తాళం తీసి సంచి ఇచ్చింది. ఇచ్చి, ఇన్నేళ్ళూ అడగాలనుకున్నది అడిగింది. గొంతు పెగలని వాళ్ళ కోసమే ఈ వేషమైతే, ధారాళంగా మాట్లాడేవాళ్ళ ముందు కూడా ఎందుకు వేశారు, అనవసరంగా నవ్వులపాలు కాలేదా?

ఆయన చీర మడత సరిచేసుకుంటూ చెప్పారు. ఆయన తొలి ఇంటర్వ్యూ నాటికి కిరాణా కొట్లోంచి వచ్చిన కుర్రాడు. మాట పెగలకపోతే కమిటీలో ఒక పెద్దమనిషి, పోనీ ఇతన్ని తెలుగులో అడుగుదాం అన్నారట. ఉద్యోగం వచ్చింది. కాని ఆ "పోనీ" మాత్రం ఇన్నేళ్ళయినా చెవిలోంచి పోలేదు.

"అందరి ముందూ వేస్తేనే కదమ్మా, ఎవరికోసం వేశానో వాళ్ళకి తెలియకుండా ఉండేది" అన్నారాయన.

ఈశ్వరి కుర్చీలో కూలబడి, పొద్దుట్నుంచి తాగని మంచినీళ్ళు తాగింది. ఎనిమిదో ప్రకటనకి తేదీ ఎప్పుడు పెట్టమంటారని అడిగింది. వచ్చే నెల పెట్టమన్నారు. ఆవిడ నీరసంగా తలాడించి కంప్యూటరు తెరిచింది. ఆయన గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు.

"అసిరమ్మగా నాకన్నా మీరే బాగున్నారమ్మా. ఆ వేషం ఇంక మీదే. ఈసారి నేను ఆవిడ పెనిమిటిగా వస్తాను."

"మరి మాటలు సార్?" అంది ఈశ్వరి.

"మాటలన్నీ మీరే సెప్పాలి. ఆడికి సెవుడు" అన్నారు ఆచార్యులవారు.